రెండు కంచాల పథ్యం

"జ్వరం దిగిందండీ" అన్న మాట వింటే లోకమంతా సంతోషపడుతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుకొస్తుంది. జగ్గయ్యపేట, నందిగామ ఆసుపత్రుల్లో నేను వెలగబెట్టిన ఉద్యోగమంతా ఆ ఒక్క మాటతో పడిన తగాదానే. జ్వరం ఉన్నంతసేపూ రోగి మన చేతిలో ఉంటాడు. చెప్పినట్టు వింటాడు, పొడిచిన చోటల్లా పొడిపించుకుంటాడు. జ్వరం దిగిందా, చుట్టాల చేతిలో పడతాడు. ఇక దేవుడే దిక్కు.

డాక్టరీ చదివి ఇప్పుడిప్పుడే వార్డులో కాలు పెడుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. నాకు ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చిందో, ఏ ఊరికి ఎందుకు బదిలీ అయిందో మీకు అనవసరం. చెప్పడం నాకూ విసుగే. ఏ మందు ఎంత మోతాదో మీ పుస్తకాల్లో నాకు తెలిసినదానికంటే బాగా ఉంటుంది. ఆ మందు రోగి కడుపులోకి చేరేలోపల ఎంతమంది చుట్టాల్ని దాటుకుని వెళ్ళాలో మాత్రం ఏ పుస్తకంలోనూ రాయలేదు. ఆ చదువు నేను జగ్గయ్యపేటలో చదువుకున్నాను.

పెన్సిలిన్, పెరుగు

నేను అక్కడ ఆడ డాక్టరుగా చేరేనాటికి పెన్సిలిన్ వచ్చి కొన్నేళ్ళయింది. నీళ్ళలో కలిపిన మందుని చల్లగా ఉంచాలి కాబట్టి ఆసుపత్రికి కిరసనాయిలుతో నడిచే ఫ్రిజ్ ఒకటి ఇచ్చారు. దానికి తాళం. తాళంచెవి మా పెద్ద డాక్టరుగారి మొలతాడుకి. పై అరలో పెన్సిలిన్, కింది అరలో ఆయనగారి గేదె పెరుగు.

ఒకరోజు న్యుమోనియాతో ఎగశ్వాస పడుతున్న ఓ రైతుకి సూది వేళయింది. చూస్తే తాళంచెవి పెద్ద డాక్టరుగారితో పాటు పెళ్ళికి వెళ్ళింది. నేను సుత్తి తెప్పించి తాళం పగలగొట్టాను. ఆయన తిరిగొచ్చి, పగిలిన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తలుపు సరిగ్గా వేశావామ్మా? పెరుగు పులవలేదుగదా?" అని అడిగారు. రోగి ఉన్నాడా పోయాడా అని అడగలేదు.

ఆ రోగి ఉన్నాడు. రెండు రోజులకే జ్వరం దిగి లేచి కూర్చున్నాడు. ఇంకా సూదులు వేయాలయ్యా అంటే పెద్ద డాక్టరుగారే అడ్డుపడ్డారు. "జ్వరం లేనివాడికి మందెందుకమ్మా? మందు దండగ" అన్నారు. ఆ రైతు మిరపతోటకి నీళ్ళు పెట్టాలని వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా అదే బండి మీద, వెనకటికంటే పెద్ద ఆయాసంతో వచ్చి పడ్డాడు. ఈసారి జ్వరం దిగడానికి చాలా రోజులు పట్టింది.

మంట ఆరితే నిప్పు ఆరినట్టు కాదని పొయ్యి ముందు కూర్చునే ప్రతి ఇల్లాలికీ తెలుసు. మందుల దగ్గరికొచ్చేసరికి అందరూ మర్చిపోతారు. జ్వరం దిగేటప్పటికి చచ్చినవి బలహీనమైన క్రిములు. మొండివి ఇంకా లోపలే ఉంటాయి. మీరు మందు ఆపేది సరిగ్గా వాటి కోసమే.

అల్లుడికి వచ్చిన జ్వరం

ఓ ఏడాది శ్రావణమాసంలో పెద్ద డాక్టరుగారు సెలవు పెట్టి కాశీకి వెళ్ళారు. మగవార్డు కూడా నా నెత్తినే పడింది. "ఆడ మనిషి నాడి పట్టుకుంటే మగాడికి ఆయుష్షు తగ్గదా?" అని ఒకాయన గుమ్మంలోనే నిలబడి అడిగాడు. పట్టుకుని చూద్దాం, తెలుస్తుంది రమ్మన్నాను. రాలేదు.

ఆ వారంలోనే సాంబశివరావుని గూడు బండిలో పడుకోబెట్టి తెచ్చారు. నందిగామ పక్క పల్లెలో మాగాణీ మెట్టా ఉన్న కుటుంబం వాళ్ళది. ఆ ఎండాకాలంలోనే పెళ్ళయింది. పెళ్ళికూతురు కోటేశ్వరమ్మది ముక్త్యాల వైపు కృష్ణ ఒడ్డు ఊరు. ఆషాఢం పోగానే కొత్త అల్లుడు అత్తగారింటికి మర్యాదలకొచ్చాడు. బూరెలయ్యాయి, గారెలయ్యాయి, నాలుగో రోజుకి జ్వరం పట్టుకుంది. మంచి టైఫాయిడ్.

నా దగ్గరికి తెచ్చేసరికి రెండో వారం. మనిషికి తెలివి లేదు. ఏదో గొణుగుతూ దుప్పటి పీక్కుంటున్నాడు. కడుపు ఉబ్బి ఉంది. పైగా అన్ని రోజుల నుంచీ లంఖణం. జ్వరం వస్తే పస్తు పెట్టడం మన వాళ్ళకి వేదం. చుక్క పాలు కూడా పోయలేదు.

"పాలు పోస్తే జ్వరం బలుస్తుందిగదండీ" అంది అత్తగారు బసవమ్మ.

"మనిషి చిక్కిపోయాక జ్వరం ఎవర్ని పట్టుకుని ఉంటుందమ్మా?" అన్నాను. ఆవిడ నొచ్చుకుంది.

ఇంతలో నందిగామ నుంచి బస్సు దిగి సాంబశివరావు తల్లి వీరమ్మ వచ్చింది. వస్తూనే వియ్యపురాలి మీద పడింది. "గుండ్రాయి లాంటి పిల్లాణ్ణి పంపించానొదినగారూ! మీ కృష్ణ నీళ్ళు తాగించి మంచాన పడేశారు!"

"కృష్ణ నీళ్ళు తాగి లోకంలో ఎవరన్నా పడ్డారా ఒదినగారూ? మీ చెరువు నీళ్ళ సంగతి చెప్పండి ముందు!"

వీళ్ళిద్దరి వెనకాల, బండి చక్రాన్ని పట్టుకుని, కోటేశ్వరమ్మ నిలబడి ఉంది. చువ్వలా ఉండే పిల్ల. పెళ్ళినాటి పసుపు కూడా ఇంకా సరిగ్గా వదల్లేదు. పక్కన నిలబడ్డ ఆడవాళ్ళు ఆ పిల్లకి వినపడేట్టే "కాలు పెట్టిన వేళ" అని మొదలుపెట్టారు. నేను కసిరి పంపించాను. పిల్ల నా వెంటే లోపలికి వచ్చింది.

"ఆయన బతుకుతారాండీ?"

"బతికించడానికే గదమ్మా నేనున్నది."

"ఆయనకేదన్నా అయితే వీళ్ళంతా ఎవరిళ్ళకి వాళ్ళు పోతారండీ" అంది. "నన్ను ఏ ఇంటికీ రానివ్వరు."

నేను చేసిన ఉద్యోగంలో నన్ను ఎంతోమంది ఎన్నో అడిగారు. అంత నిజం ఎవరూ చెప్పలేదు. బెజవాడకు మనిషిని పంపించి క్లోరాంఫెనికాల్ తెప్పించాను. అప్పటికి అది కొత్త మందు. గొట్టాల్లో పొడి పోసినట్టుంటాయని జనం వాటిని గొట్టాలనేవారు. తెలివి లేని మనిషి చేత వాటిని మింగించడానికి కోటేశ్వరమ్మా నేనూ పడ్డ పాట్లు వేరే కథ. నాలుగైదు రోజులకు థర్మామీటరు మామూలు గీత దగ్గర ఆగింది. సాంబశివరావు కళ్ళు తెరిచి, నన్ను చూసి, "ఈవిడెవరు?" అన్నాడు.

జ్వరం దిగింది. యుద్ధం మొదలైంది.

పథ్యం ఎవరి చేతిది

మా ప్రాంతంలో పథ్యం పెట్టడం అంటే ఏమిటో చెప్పాలి. జ్వరం దిగినవాడికి తలకు పోసి, పాత బియ్యం వండి, నెయ్యీ కూరలూ కలిపి మొదటి ముద్ద పెట్టడం. అది ఉత్త భోజనం కాదు. "ఫలానావాడు పథ్యం తిన్నాడు" అంటే రోగం పోయిందని ఊరంతా చాటింపు వేసినట్టు. పథ్యం తిన్నాక మందు ముట్టకూడదు, ముడితే రోగాన్ని మళ్ళీ పిలిచినట్టట. పోతే పథ్యం ఎవరి చేత్తో పెడతారో, మనిషిని బతికించిన పుణ్యం వాళ్ళది.

ఇక నాకు తెలిసిన సంగతి ఇది. టైఫాయిడ్‌లో జ్వరం దిగినా పేగులో పుళ్ళు పచ్చిగానే ఉంటాయి. పేగు తడిసిన విస్తరాకులా ఉంటుంది. చిల్లు పడిందా, కోసి కుట్టే డాక్టరు జగ్గయ్యపేటలో లేడు, బెజవాడ చేరేదాకా మనిషి ఉండడు. గొట్టాలు ఇంకో పది పన్నెండు రోజులు పడాలి, లేకపోతే జ్వరం తిరగబెడుతుంది. మెత్తటి అన్నం త్వరగానే పెట్టొచ్చని మీ పుస్తకాలు ఇప్పుడంటున్నాయి. పెట్టండి. నేను చెప్పేది నేతి గారెలతో, గోంగూరతో, మందు మానేయడంతో కలిసి వచ్చే పథ్యం సంగతి.

నేను ఇద్దరమ్మల్నీ కూర్చోబెట్టి బొమ్మ గీసి చెప్పాను. శ్రద్ధగా విన్నారు. వినేసి వీరమ్మ అంది, "సరే గాని డాక్టరమ్మగారూ, రేపు గురువారం మంచిది. నా బిడ్డకి నా చేత్తో పథ్యం పెడతాను."

"మీరెట్లా పెడతారు ఒదినగారూ? అల్లుడు మా ఇంట్లో పడ్డాడు. మా చేతి పథ్యం తినకుండా పోతే మా ఊళ్ళో మేం తలెత్తుకోవద్దూ?" అంది బసవమ్మ.

"కన్నది నేను!"

"చాకిరీ చేసింది మేము!"

మర్నాడు ఇద్దరూ వండారు. ఇద్దరూ ఒకరినొకరు గుమ్మంలో అడ్డుకున్నారు. అన్నం చల్లారిపోయింది. సాంబశివరావు బార్లీ నీళ్ళే తాగాడు. అది చూశాక నా బుర్ర వెలిగింది. వీళ్ళు కొట్టుకున్నంతకాలం వాడు బతుకుతాడు! రాజీ పడ్డారా, పోతాడు.

అప్పటి నుంచి నేను వైద్యం మానేసి చాడీలు మొదలుపెట్టాను. పొద్దున్నే వీరమ్మ దగ్గరికి పోయి, "తల్లి ముద్దకి సాటి ఏముందమ్మా" అనేదాన్ని. అటు తిరిగి బసవమ్మతో, "అసలు ఈ రోగం ఒంట్లో పడ్డాక వారం రెండు వారాలకి గాని బయటపడదు. మరి మీ ఇంటికొచ్చిన నాలుగో రోజుకే గదా జ్వరం పట్టుకుంది" అన్నాను. అందులో అబద్ధం లేదు. ఆ నిజం పట్టుకుని బసవమ్మ ఆసుపత్రి ఆవరణ దద్దరిల్లిపోయేట్టు అరిచింది. ఆ దెబ్బకి రెండు రోజులు గడిచాయి.

ఆవరణలో రెండు పొయ్యిలు వెలిశాయి. రెండు ఊళ్ళ నుంచీ పాత బియ్యం బస్తాలు, నెయ్యి డబ్బాలు దిగాయి. రోజూ రెండు పక్కలా పథ్యం వండటం, తగువు పడటం, చల్లారిన అన్నం ఆసుపత్రి సిబ్బందికి పెట్టేయడం. మా కాంపౌండరు, వార్డుబాయిలు, ఊడ్చేవాళ్ళు అందరూ ఆ శ్రావణంలో నిగనిగలాడిపోయారు. తగువు చల్లబడుతున్నట్టు కనిపిస్తే, నేను చెప్పకుండానే కాంపౌండరు పోయి ఒక పుల్ల వేసి వచ్చేవాడు. పిల్లలూ, మందు కాకపోయినా మందు పని చేసేవి లోకంలో చాలా ఉన్నాయి. ఆ పక్కన మాత్రం, కిటికీలోంచి రెండు పొయ్యిల వాసనలు పీలుస్తూ సాంబశివరావు ఆకలితో నకనకలాడిపోతున్నాడు.

నరసయ్యగారి తీర్పు

అంతా సవ్యంగా సాగుతుండగా ఓ మంచిమనిషి వచ్చి పడ్డాడు. నరసయ్యగారని, రెండు కుటుంబాలకీ బంధువు. తీర్పులు చెప్పడంలో ఆ చుట్టుపక్కల పేరున్న పెద్దమనిషి. వచ్చి మా ఆసుపత్రి బల్ల మీదే కూర్చుని రెండు పక్కలా విన్నాడు. విని, చుట్ట వెలిగించబోయి, నన్ను చూసి మానేసి, తీర్పు చెప్పాడు.

"ఇద్దరూ వండండి. ఇద్దరూ చెరో కంచం పెట్టండి. ఇద్దరిలో ఒక్కరూ లోపలికి పోవద్దు. మన కోటేశ్వరి రెండు కంచాలూ లోపలికి పట్టుకుపోయి, తలుపేసుకుని, మొగుడికి పెట్టుకుంటుంది. ఎవరి ముద్ద ముందు పెట్టిందో దానికి తెలియాలి, దేవుడికి తెలియాలి. అది నోరు విప్పకూడదు. తలుపేస్తే దిష్టీ తగలదు. ఏమంటారు?"

అందరూ ఆహా అన్నారు. వియ్యపురాళ్ళు ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. మా కాంపౌండరు ముఖం వేలాడేశాడు.

"పెట్టడానికి వీల్లేదు!" అన్నాను నేను.

"జ్వరం ఉందామ్మా?" అన్నాడు నరసయ్యగారు మెత్తగా.

"లేదు. కానీ లోపల పేగు..."

"జ్వరం లేదు గదా?"

"లేదంటున్నానుగా! పేగులో పుళ్ళు..."

"మరింకేం?" అని వెనక్కి తిరిగాడు. "ఎవర్రా అక్కడ, డాక్టరమ్మగారు పాపం అలిసిపోయారు. కాసిని మజ్జిగ తెచ్చివ్వండి."

ఆ మజ్జిగ నేను తాగలేదు. అంత చదువు చదివి, ఆ మాత్రం మాట నెగ్గించుకోలేకపోయానని ఏడుపొచ్చింది. వరండా చివర కోటేశ్వరమ్మను పట్టుకున్నాను.

"రేపు ఆ అన్నం అతని నోట్లో పెట్టావంటే పేగు తెగుతుంది. నీకు అర్థమైందా?"

"అయిందండీ. కానీ ఖాళీ కంచాలు బయటికి రావాలిగదండీ."

"కిటికీలోంచి పారబొయ్యి."

"కిటికీ కింద మా అత్తయ్యగారి పొయ్యండీ."

"మరెట్లా?"

చెంగు నడుముకి దోపుకుంది. "ఏదో ఒకటి చేస్తాలెండి" అని వెళ్ళిపోయింది.

తలుపు లోపల

నాడి చూడాలన్న వంకతో మర్నాడు నేనూ వార్డు చివర అతనుంటున్న విడిగదిలో దూరాను. కోటేశ్వరమ్మ రెండు చేతుల్లో రెండు కంచాలు పట్టుకుని వచ్చి, మోచేత్తో తలుపు వేసి, గడియ పెట్టింది. ఒక్కో కంచంలో ఇద్దరు పాలేళ్ళకు సరిపడా అన్నం. బీరకాయ కూర, దోసకాయ పప్పు, గోంగూర, గారెలు, నెయ్యి కారిపోతూ.

సాంబశివరావు మంచం మీద లేచి కూర్చున్నాడు. కళ్ళు కంచాల మీద తప్ప ఎక్కడా లేవు. "తే తే. ముందా గోంగూర కలుపు."

ఆ పిల్ల కంచాలు నేల మీద పెట్టింది. బాసింపట్టు వేసుకుని వాటి ముందు కూర్చుంది. కలిపింది. ముద్ద ఎత్తింది. తన నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు చూస్తున్నావా?" అన్నాడు అతను.

రెండో ముద్ద కూడా తన నోట్లోనే పెట్టుకుంది. మొగుడు తిన్న కంచంలో పెళ్ళాం తినడం మన ఆచారం. మొగుడు తినకముందే తినడం ఈ పిల్లే మొదలుపెట్టింది.

"ఏమే! ఏం చేస్తున్నావ్?"

"గట్టిగా అరవకండి" అంది అన్నం నోట్లో పెట్టుకునే. "ఇది మీ కడుపులో పడితే మీరుండరంటున్నారు డాక్టరమ్మగారు. కంచాలు ఖాళీగా పోకపోతే బయటున్న వాళ్ళుండనివ్వరు."

"ఒక్క ముద్దే!"

"ఒక్క మెతుకు కూడా లేదు."

"నువ్వు మనిషివేనా? మొగుడు ఆకలికి చస్తుంటే ఎదురుగా కూర్చుని... రాక్షసీ!" తిట్లన్నీ గుసగుసగానే. గట్టిగా అరిచే ఓపిక లేదు, అరిస్తే నేనూరుకోను.

బయటి నుంచి వీరమ్మ గొంతు వినిపించింది. "ఏరా అబ్బాయ్, కడుపునిండా తింటున్నావా?"

నేను వేలు చూపించి బెదిరించాను. అతను గుటకలు మింగుతూ, "తింటున్నానమ్మా" అన్నాడు.

"నేతి గారె ఎట్లా ఉంది అల్లుడూ?" అంది బసవమ్మ.

గారె అప్పుడే కోటేశ్వరమ్మ నోట్లోకి పోతోంది. అతను దాన్ని చివరిదాకా చూశాడు. "బాగుందత్తయ్యా" అన్నాడు. గట్టిగా ముక్కు చీదాడు. కొడుకు సంతోషంతో ఏడుస్తున్నాడనుకుని బయట తల్లి కూడా ఏడ్చింది.

మొదటి కంచం అయ్యేసరికే పిల్లకి చెమటలు పట్టాయి. రెండో కంచం సగానికొచ్చింది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. చూడలేక నేను కింద కూర్చుని మిగిలిన గారెలు తిన్నాను. వృత్తిధర్మం అన్నాక ఎన్నో ఉంటాయి. చివరి మెతుకు కూడా పోయాక కోటేశ్వరమ్మ గోడ పట్టుకుని లేచి, ముఖం తుడుచుకుని, కంచాలు రెండూ పట్టుకుని బయటికి వెళ్ళింది.

"మెతుకు మిగల్చలేదు చూశావా!" అంది వీరమ్మ తన కంచం చూసి.

"మా కంచం నాకేశాడమ్మా!" అంది బసవమ్మ.

బలం గొట్టాలు

పథ్యం తిన్నాక మందు ముట్టకూడదు. కాబట్టి గొట్టాల పేరు మార్చేశాను. "ఇవి మందు కాదమ్మా, బలానికి" అన్నాను. ఆ మాట అన్నాక నాకే కష్టమైంది. రోజుకి ఇంకో నాలుగు బలం గొట్టాలు ఎక్కువ వేయకూడదా అని ఇద్దరూ విడివిడిగా వచ్చి అడిగారు. ఇక ఏ ఇంటికి తీసుకెళ్ళాలన్నది తేలలేదు. మా ఇంటికంటే మా ఇంటికని కొట్టుకుంటుంటే నేను మళ్ళీ నా పాత విద్య బయటికి తీశాను. మనిషి ఆసుపత్రిలోనే ఉండిపోయాడు.

ఖర్మ ఏమిటంటే, పథ్యం తిన్నవాడికి పూటపూటకీ భోజనం రావాలి. రెండు పొయ్యిల మీద నుంచి రెండు కంచాలు, రోజుకి రెండు పూటలా. తలుపు వేసుకుని తినడం ఆనవాయితీ అయిపోయింది. అతనికి పాలు, బార్లీ, మజ్జిగ తేట, గొట్టాలు. ఆ పిల్లకి మిగతావన్నీ. వీలైనప్పుడల్లా నేను లోపలికి పోయి ఓ చెయ్యి వేసేదాన్ని గాని, కాన్పుల వార్డు వదిలి రోజూ ఎక్కడ కుదురుతుంది?

మొదట రెండు రోజులు అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు, పెళ్ళాంతో మాట లేదు. తర్వాత ఓ పూట నేను నాడి చూస్తుండగా, గోడవైపు నుంచే అడిగాడు.

"ఇవాళ ఏంటి?"

"దోసకాయ పప్పండీ."

"పులుపు సరిపోయిందా?"

"కాస్త తగ్గిందండీ. పోపు మాత్రం బాగా పడింది."

"ఇంగువ వేశారా?"

"వేశారండీ."

"నెమ్మదిగా తిను. పొలమారుతుంది" అన్నాడు.

ఆ తర్వాత నుంచి ప్రతి పూటా ఆ పిల్ల తింటూ చెబుతుండేది, అతను కళ్ళు మూసుకుని వింటుండేవాడు. పెళ్ళయి అన్ని నెలలకి ఆ మొగుడూ పెళ్ళాం తీరిగ్గా మాట్లాడుకున్నది ఆ గదిలోనే అనుకుంటాను.

బయట మాత్రం చూడవచ్చినవాళ్ళు తలలు పట్టుకున్నారు. "ఇంత తింటున్నాడు, ఒంటికి పట్టదేమిటి?" అనేవాళ్ళు. అతను పుల్లలా ఉన్నాడు. ఆ పిల్ల బుగ్గలు మాత్రం పూరీల్లా వచ్చాయి. ఓ పోకిరీ మనిషి, "మొగుడు తింటే పెళ్ళానికి పడుతోందండీ" అని పెద్దగా నవ్వాడు. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వి ఆ మాట అక్కడితో ఆపేశాను.

మీకు ఇదంతా తమాషాగా ఉంటుంది, నాకూ ఉంది. కానీ ప్రతి పొద్దున్నా అతని కడుపు మీద చెయ్యి వేసేటప్పుడు నా చెయ్యి చల్లబడేది. మెత్తగా ఉందా, బిగిసిందా? బిగిస్తే పేగు తెగినట్టే. ఆ పిల్ల నా చెయ్యి వంక కాదు, నా ముఖం వంక చూస్తూ నిలబడేది. మెత్తగా ఉందమ్మా అంటే గాని ఊపిరి వదిలేది కాదు.

అసలు పథ్యం

గొట్టాలు అయిపోయాయి. జ్వరం తిరిగి రాలేదు. కడుపు మెత్తగా ఉంది, నాడి బాగుంది. ఆ పొద్దున నేను మా ఇంట్లో మెత్తగా అన్నం వండించి, మజ్జిగ కలిపి, గిన్నెలో పోసి నా చేత్తోనే తీసుకెళ్ళాను. తలుపు వేసి, "ఇవాళ నువ్వు తిను నాయనా" అన్నాను.

సాంబశివరావు నన్ను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు. నమ్మలేదు. కోటేశ్వరమ్మ ముద్ద కలిపి నోటి దగ్గర పెడితే, అది ఎక్కడ వెనక్కిపోతుందోనని చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఉప్పూకారం లేని మజ్జిగన్నం. మింగాడు. ఇంకోటి మింగాడు. చంటిపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

నాలుగు ముద్దలయ్యాక ఓ ముద్ద తను తీసుకుని పెళ్ళాం నోటి దగ్గర పెట్టాడు. "నువ్వూ తిను" అన్నాడు ప్రేమగా.

అన్నం వాసన తగిలింది. అంతే, ఆ పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గడియ తీసి, ఒక్క పరుగున వరండాలోకి పోయి, ఇద్దరమ్మల మధ్యలో భళ్ళున వాంతి చేసుకుంది.

ఇద్దరమ్మలూ ఆ పిల్ల ముఖం చూశారు, బుగ్గలు చూశారు, కడుపు చూశారు.

"ఒదినా!" అంది వీరమ్మ.

"ఒదినా!" అంది బసవమ్మ. అన్ని వారాల తర్వాత మొదటిసారి ఇద్దరూ కావలించుకున్నారు. ఎవరో కుంకం భరిణె తెచ్చారు. నరసయ్యగారు చుట్ట వెలిగించాడు. "అందుకా పిల్ల అట్లా ఒళ్ళు చేసింది!" అని అందరికీ ఒక్కసారే జ్ఞానోదయమైంది. ఎవరి పథ్యం వల్ల మనిషి బతికాడన్న సంగతి అందరూ మర్చిపోయారు.

"సీమంతం మా ఇంట్లో" అంది వీరమ్మ కళ్ళు తుడుచుకుంటూ.

"పురుడు మాది. సీమంతం కూడా మా ఇంట్లో చేసే పంపిస్తాం."

"అదెట్లా కుదురుతుంది ఒదినగారూ?"

"ఎందుకు కుదరదు ఒదినగారూ?"

ఇద్దరూ నా మీద పడ్డారు. "డాక్టరమ్మగారూ, మీరు చూసి చెప్పండి. ఎన్నో నెల?" కోటేశ్వరమ్మ స్తంభానికి ఆనుకుని, ముఖం పాలిపోయి, చెప్పొద్దన్నట్టు నా వంక చూస్తూ తల అడ్డంగా ఊపింది. నాకు నోటిదాకా వచ్చింది. మీ బిడ్డని బతికించింది మీ ముద్దలు కాదు, ఈ పిల్ల, దీని కాళ్ళకి దణ్ణం పెట్టుకోండి అని అరవాలనిపించింది. పళ్ళు బిగపట్టి, "ఇప్పుడేం తెలీదు, పొండి" అని లోపలికి వచ్చేశాను.

లోపల సాంబశివరావు గిన్నె ఖాళీ చేసి, వేళ్ళు నాకుతూ కూర్చున్నాడు. బయటి గొడవంతా విన్నాడు.

"డాక్టరమ్మగారూ, వాళ్ళకేం చెప్పుకుంటారో మీ ఇష్టం" అన్నాడు. "దానికి మాత్రం ఒక్క మాట చెప్పండి. ఇంక నా బదులు తినక్కర్లేదని చెప్పండి. నా అన్నం నేను తింటాను."

నేను చెప్పనక్కర్లేకపోయింది. కోటేశ్వరమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆసుపత్రికి వచ్చిననాటి నుంచి గొంతెత్తి మాట్లాడని పిల్ల, అక్కడే గడప మీద కూలబడి, బయట రెండు ఊళ్ళ వాళ్ళూ తగాదా ఆపి వినేంత పెద్దగా ఏడ్చింది.